లాంతరు మోసిన పిల్లలు

ఆ మధ్య ఊరికి వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపి సర్దుతుంటే, అడుగున నా కాలేజీ రోజుల నోటుపుస్తకం ఒకటి దొరికింది. సగం పుటలు చెదపురుగుల పాలయినా, 1986 జనవరిలో జరిగిన మా ఎన్నెస్సెస్ శిబిరం మీద నేను రాసి ఇచ్చిన నివేదిక నకలు మాత్రం చెక్కుచెదరలేదు. పల్నాటి వైపు ఒక మెట్ట గ్రామం. పది రోజులు. నలభై మందిమి. బడికి సున్నం వేశాము, ఊరి నుండి చెరువు దాకా గ్రావెల్ బాట పరిచాము. నివేదిక చివరి వాక్యం ఇది: "ఈ పది దినముల గ్రామజీవితము వలన మా వ్యక్తిత్వము ఎంతయో వికసించినది."

చదువుకొని నవ్వు వచ్చింది. తరువాత నవ్వు ఆగిపోయింది. ఏమి వికసించింది? ఎంత తలచుకొన్నా గుర్తు రాలేదు. గుర్తున్నవి వేరు. తొలి వానకే ఆ బాట కొట్టుకుపోయిందని ఆ మరుసటి ఏడు ఎవరో చెప్పారు. రోజూ తెల్లవారే సరికి మా బస ముందు ఎవరో మజ్జిగ కుండ పెట్టి వెళ్ళేవారు. ఎవరో కనుక్కోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఇక సాయంకాలాలు బడి అరుగు మీద కూర్చొని నేను ఊళ్ళోవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. ఆ పనిలో నాకు మహా గర్వం. ఆ సంగతి చివర చెబుతాను.

పల్లెకు వెళ్ళిన విద్యార్థి నిజంగా మారతాడా? మారితే దేనివల్ల? ఆ నోటుపుస్తకం మూసినప్పటి నుండి ఈ ప్రశ్న వదలలేదు. దాన్ని పట్టుకొని కొంత చరిత్ర చదివాను. ఆ చదువు ఫలితమే ఈ టపా.

ముందు మన ఇంటి సంగతి. విద్యార్థులు సెలవులను పల్లెసేవలో గడపాలన్నది గాంధీగారు తరచుగా చెప్పిన మాట. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని చట్టంగానో, నియమంగానో చేద్దామన్న తలంపు ప్రభుత్వంలోనే పుట్టింది. పట్టా పుచ్చుకొనే ముందు ప్రతి విద్యార్థీ కొంతకాలం సమాజసేవ చేయాలని సూచిస్తూ 1958లో నెహ్రూ ముఖ్యమంత్రులకు ఉత్తరం రాశాడు. ఆ మరుసటి ఏడు సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక సంఘం కూర్చొని, హైస్కూలు ముగించి కళాశాలలో చేరబోయే విద్యార్థులందరికీ తొమ్మిది నెలల నుండి ఏడాది దాకా జాతీయసేవ తప్పనిసరి చేయాలని తేల్చింది. ఖర్చు భరించలేమన్నారు, అమలు కష్టమన్నారు. 1960లో కె.జి. సయ్యదైన్ ఇతర దేశాల పద్ధతులను పరిశీలించి, నిర్బంధం వద్దు, స్వచ్ఛందంగా ఉండనీయండి అన్నాడు. చిట్టచివరికి గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలయింది. "నేను కాదు, మీరు" అన్నది దాని నినాదం. దేశ్‌ముఖ్ సంఘం తలచిన తొమ్మిది నెలలు నా దాకా వచ్చేసరికి పది రోజులయింది. తరువాతి కాలంలో ఆ పదీ ఏడయ్యాయి.

ఇంకొక దేశంలో మాత్రం ఈ తొమ్మిది నెలల పని, దాదాపు అదే నిడివితో, నిజంగా జరిగింది. అక్కడ మన తరగతి గదుల వయసు పిల్లలే వెళ్ళారు. ఆ దేశం క్యూబా. సంవత్సరం 1961.

1953 నాటి జనాభా లెక్కల ప్రకారం క్యూబాలో నూటికి 23.6 మంది నిరక్షరాస్యులు. ఆ కాలపు లాటిన్ అమెరికాలో ఇది ఏమంత చెడ్డ అంకె కాదు. కానీ దాన్ని విడదీసి చూస్తే కథ తెలుస్తుంది. పట్టణాలలో 11.6, పల్లెలలో 41.7. అంటే ఒకే దీవిలో రెండు దేశాలు. హవానాలో నియాన్ దీపాలు, టెలివిజన్లు. కొండ ప్రాంతాలలో తాటి జాతి ఆకులతో నేసిన పైకప్పు, మట్టి నేల, కరెంటు లేని గుడిసె. వీరి పిల్లలు వారి పిల్లలను ఎన్నడూ ఎరగరు.

1959 జనవరిలో విప్లవం గెలిచింది. 1960 సెప్టెంబరు 26న ఐక్యరాజ్యసమితిలో నాలుగున్నర గంటల సేపు మాట్లాడిన ఫిదెల్ కాస్ట్రో, మరుసటి ఏడాదిలో తన దేశంలో నిరక్షరాస్యత లేకుండా చేస్తానని ప్రకటించి వచ్చాడు. ఆయన ఉపన్యాసపు నిడివిని గురించి లోకం చాలాకాలం చెప్పుకొంది. ఈ మాటను మాత్రం ఎక్కువమంది పట్టించుకొన్నట్టు లేదు. చేతిలో ఉన్న ఉపాధ్యాయులు చాలరు. అందుకని బడులను ముందుగానే మూసివేసి, పిల్లలనే పంపాలని నిర్ణయించారు.

పిల్లలు అన్న మాట నేను ఊరికే వాడడం లేదు. పది నుండి పంతొమ్మిది ఏళ్ళ వారు. ఇంటిలో పెద్దల అనుమతి పత్రం తెచ్చిన వారినే తీసుకొన్నారు. అలా లక్ష మందికి పైగా తేలారు. అందులో సగానికి పైగా ఆడపిల్లలు. వీరి దళాలకు కొన్రాదో బెనీతెస్ పేరు పెట్టారు. అతడు పద్ధెనిమిదేళ్ళ నల్లజాతి కుర్రవాడు. అంతకు ముందే స్వచ్ఛంద ఉపాధ్యాయుడుగా ఎస్కాంబ్రాయ్ కొండలకు వెళ్ళి, 1961 జనవరి 5న విప్లవ వ్యతిరేక సాయుధుల చేతిలో చనిపోయాడు. అంటే ఆ పేరు పెట్టుకొని బయలుదేరిన ప్రతి పిల్లవాడికీ, ఆ పిల్లవాణ్ణి పంపిన ప్రతి తల్లికీ, వెళ్ళేది విహారానికి కాదని తెలుసు.

శిక్షణ వరదేరోలో. విప్లవానికి ముందు ధనికులు, విదేశీ యాత్రికులు సేదతీరిన సముద్రతీరం అది. ఒకటి రెండు వారాల శిక్షణ అంతే. ఏప్రిల్ మధ్యలో తొలి బృందాలు చేరుతుండగానే, 17వ తేదీన అమెరికా శిక్షణ పొందిన ప్రవాస క్యూబన్ల సేన బే ఆఫ్ పిగ్స్ వద్ద దిగింది. మూడు రోజుల్లో దాన్ని ఓడించారు. శిక్షణ ఆగలేదు.

వారికిచ్చిన సామాను చూడండి. బట్టలు, బూట్లు, టోపీ, దుప్పటి. రెండు గుంజల నడుమ కట్టుకొని పడుకొనే గుడ్డ ఊయల. ఒక కిరసనాయిలు లాంతరు, మన పెట్రోమాక్స్ దీపం వంటిది. రెండు పుస్తకాలు: నేర్చుకొనేవారికి "వెన్సెరేమోస్", అంటే గెలుస్తాం అనే పదిహేను పాఠాల వాచకం, నేర్పేవారికి "ఆల్ఫబెతిసేమోస్", అంటే అక్షరాలు నేర్పుదాం అనే కరదీపిక.

ఈ సామానులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది వాచకం కాదు, ఊయల. ఎందుకంటే వారి బస బడిలో కాదు, డేరాలో కాదు, రైతు గుడిసెలో. ఆ గుడిసెలో అదనపు మంచం ఉండదు కనుక ఊయల. వంట వేరుగా ఉండదు, వారు తిన్నదే తినాలి. మేము మా శిబిరానికి వంటమనిషిని వెంట తీసుకొని వెళ్ళాము. బియ్యం, కందిపప్పు, చివరికి ఊరగాయ జాడీ కూడా మోసుకొని వెళ్ళాము. ఊరి మీద భారం వేయరాదన్నది మా సదుద్దేశం. భారం వేయకపోవడమంటే సంబంధం పెట్టుకోకపోవడమని అప్పట్లో తెలియదు. మజ్జిగ కుండ ఎవరిదో కనుక్కోకపోవడం దాని ఫలితమే కాబోలు.

రెండవది, పని. పగలు ఆ ఇంటివారితో పాటు పొలానికి వెళ్ళాలి. చెరకు కొట్టడం, కాఫీ గింజలు ఏరడం, పాలు పితకడం, నీళ్ళు మోయడం. పట్టణపు పిల్లలకు ఇవేవీ రావు. కొడవలి పట్టుకోవడం రాక చేతులు కోసుకొంటారు, ఆవు దగ్గరకు వెళ్ళాలంటే భయపడతారు, చీకటికి జడుస్తారు. ఆ ఇంటి యజమాని ఓపికగా నేర్పుతాడు. పొద్దు గూకాక లాంతరు వెలిగిస్తారు. ఇప్పుడు పెన్సిలు పట్టుకోవడం రాని వంతు యజమానిది. నలభై ఏళ్ళు కొడవలి తిప్పిన వేళ్ళ మధ్య పెన్సిలు విరిగిపోతుంది. పదమూడేళ్ళ పిల్ల ఆ చేతిని పట్టుకొని దిద్దిస్తుంది.

ఈ ఏర్పాటును ఎవరు ఎంత ఆలోచించి చేశారో గాని, దాని లోతు గొప్పది. పెద్దవాడు పసిపిల్ల ముందు అక్షరాలు దిద్దడం మామూలుగా సిగ్గుపడే పని. మన రాత్రిబడుల్లో సగం పెద్దలు రెండవ వారానికే ఎందుకు మాయమవుతారో ఎరిగిన వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. పగలు ఆ పిల్ల చేతకానితనాన్ని కళ్ళారా చూసిన మనిషికి, రాత్రి తన చేతకానితనాన్ని ఆమెకు చూపించడంలో అవమానం ఉండదు. పగటి శిష్యురాలే రాత్రి గురువు. లెక్క సరిపోయింది. ఆజ్ఞాపించే గొంతుతో నేర్పవద్దని కరదీపిక కూడా హెచ్చరించింది. ఆ హెచ్చరిక లేకపోయినా, ఉదయం ఆవు తన్నిన కుర్రవాడికి రాత్రి ఆజ్ఞాపించే గొంతు ఎక్కడి నుండి వస్తుంది?

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆనాటి క్యూబా మధ్యతరగతి ఇళ్ళలో పెళ్ళికాని పిల్ల పెద్దల తోడు లేకుండా వీధిలోకి వెళ్ళడం మర్యాద కాదు. అటువంటి ఇళ్ళ నుండి పదిహేనేళ్ళ పిల్లలు ఊయల భుజాన వేసుకొని రైలెక్కారు. కేథరిన్ మర్ఫీ అనే అమెరికన్ దర్శకురాలు చాలా ఏళ్ళ తరువాత, ముసలివారైన ఆనాటి బాలికలను వెదికి మాట్లాడించి "మాయెస్త్ర" అనే డాక్యుమెంటరీ తీసింది. ఆ మాటకు పంతులమ్మ అని అర్థం. దేశభక్తి ఒక ఎత్తు, నాన్న కన్ను దాటి తొలిసారి బయటపడడం ఒక ఎత్తు అన్నది ఆ ముఖాలలో స్పష్టంగా కనబడుతుంది. వ్యక్తిత్వ వికాసమన్న మాట నాకు అక్కడ తగిన చోట వాడినట్టు అనిపించింది.

అంతా సాఫీగా నడిచిందనుకోవద్దు. ఆగస్టు చివరకు లెక్క చూసుకొంటే లక్ష పైచిలుకు మందికే చదవడం, రాయడం వచ్చింది. లక్ష్యమేమో దాదాపు పది లక్షలు. సెప్టెంబరు మొదట్లో హవానాలో సదస్సు పెట్టి, ఫ్యాక్టరీ కార్మికులతో మరికొన్ని దళాలు తీశారు. బడుల పునఃప్రారంభాన్ని జనవరి దాకా వాయిదా వేశారు. నవంబరు 5న మెలేనా దెల్ సూర్ అనే మునిసిపాలిటీ తానిక నిరక్షరాస్యత లేని చోటునని ప్రకటించుకొంది. అదే నెల 26న ఎస్కాంబ్రాయ్ ప్రాంతంలో పదహారేళ్ళ మనువెల్ అస్కున్సెను, అతడు చదువు చెబుతున్న రైతు పెద్రో లాంతిగ్వాను సాయుధులు పట్టుకొని, చిత్రహింసలు పెట్టి, ఒకే చోట ఉరి తీశారు. ఆ పదహారేళ్ళవాడు, పంతులును తానేనని ఒప్పుకొన్నాడని చెబుతారు. ఇక నెలరోజులు కూడా లేదు పని ముగియడానికి.

డిసెంబరు 22న పిల్లలు హవానా చేరారు. ఆ లాంతర్లతో, బూట్లతో, మనిషెత్తు పెన్సిళ్ళు భుజాన మోసుకొంటూ విప్లవ చౌకు నిండా నడిచారు. గుర్తించిన నిరక్షరాస్యులు 9,79,207 మంది. అందులో చదవను, రాయను నేర్చినవారు 7,07,212 మంది. మిగిలినవారు జనాభాలో నూటికి 3.9. వీరిలో స్పానిష్ రాని హైతీ కూలీలు, వృద్ధులు, రోగులు ఎక్కువ. ఇక మేమేం చేయాలి, చెప్పమని పిల్లలు అడిగారు. చదువుకోండి అని ఫిదెల్ జవాబు. వేలాదిగా విద్యార్థి వేతనాలు ఇచ్చారు. దేశం విడిచి వెళ్ళిన ధనికుల భవంతులు వీరికి వసతి గృహాలయ్యాయి.

ఇంతవరకు చదివి, వీడెవడో ఎర్రజెండా వాడని కొందరు మిత్రులు తీర్మానించుకొని ఉంటారు. కొంచెం ఆగండి.

ఆ వాచకంలోని తొలి పాఠం ఓ, ఎ, ఆ. స్పానిష్‌లో అది అమెరికా ఖండ దేశాల సంస్థ పేరులోని పొడి అక్షరాల కూర్పు. మూడూ అచ్చులే కనుక మొదటి పాఠానికి అమరింది. ఆ సంస్థను తెగడడానికీ అమరింది. (1962 జనవరిలో ఆ సంస్థే క్యూబాను పక్కన పెట్టింది.) రెండవ పాఠం భూసంస్కరణల సంస్థ పేరు. అంటే అ అంటే అమ్మ కాదు, అ అంటే సర్కారు. అక్షరంతో పాటు ఒక ప్రభుత్వపు వాదాన్ని కూడా మింగించారు. అక్షరాలు నేర్చినవారు చదవడానికి ఎదురుమాట చెప్పే పత్రిక ఒక్కటీ మిగలలేదు. ప్రైవేటు బడులన్నిటినీ అదే 1961 జూన్‌లో జాతీయం చేశారు. పిల్లలను ప్రభుత్వం తల్లిదండ్రుల చేతుల్లో నుండి లాక్కుంటుందన్న పుకారు దేశమంతా పాకింది. 1960 డిసెంబరు నుండి 1962 అక్టోబరు వరకు 14 వేలకు పైగా పిల్లలను తల్లిదండ్రులు ఒంటరిగా విమానమెక్కించి మయామీకి పంపారు. ఆపరేషన్ పీటర్ పాన్ అని దానికి పేరు. చాలామంది తమవారిని మళ్ళీ చూసేసరికి ఏళ్ళు గడిచాయి, కొందరు చూడనే లేదు. ఒకే నగరం, ఒకే ఏడు, బహుశా ఒకే వీధి. ఒక తల్లి పిల్లను కొండలకు పంపింది, ఒక తల్లి సముద్రం దాటించింది. ఇద్దరూ పిల్ల మేలు కోరే పంపారు. ఎవరిని తప్పు పట్టాలో నాకు తోచలేదు.

ఈ మరకలన్నీ ఒప్పుకొన్నాక కూడా ఒక్క విషయం నన్ను వదలదు. వారు పెట్టుకొన్న పరీక్ష. పిల్లవాడికి నివేదిక రాయమనలేదు, నీ వ్యక్తిత్వం ఎంత వికసించింది అని అడగలేదు. మూడు పరీక్షలూ రైతుకే. చివరి పరీక్షలో రైతు తన స్వహస్తంతో ఫిదెల్ కాస్ట్రోకు ఒక ఉత్తరం రాయాలి. బతుకులో రాసిన మొదటి ఉత్తరం ఏలికకే రాయవలసి రావడంలోని విచిత్రాన్ని నేను గుర్తించకపోలేదు. అయినా ఆ ఉత్తరం రాసింది రైతు. పిల్లవాడు సాధించినదేమిటో తెలుసుకోవాలంటే అతణ్ణి అడిగి లాభం లేదు, ఆ కాగితాన్ని చూడాలి. ఒకనాడు బతీస్తా సైనిక స్థావరమై, తరువాత విద్యానగరంగా మారిన చోట ఉన్న మ్యూజియంలో ఆ ఉత్తరాలను భద్రపరిచారు. వంకర గీతలు, అతుకుల మాటలు, ఏడు లక్షల చేతులు.

పిల్లలు మారారంటే, మారడానికి వెళ్ళలేదు కనుకనే మారారేమో. వెళ్ళింది వేరే పనికి. ఆ పని అయిందో లేదో ఇతరుల చేతివ్రాతలో తేలుతుంది.

మన వైపు ఇటువంటిది జరగలేదా అంటే, నెల్లూరు జిల్లాను మరువరాదు. 1991లో అక్షరజ్యోతి పేరిట అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. నేర్పినవారు ఎక్కువగా ఆ ఊళ్ళ యువతీ యువకులే; ఊయలలు మోసుకొని రానక్కరలేదు. వాచకంలో సారా దుకాణాన్ని మూయించిన ఆడవాళ్ళ కథ ఒక పాఠం. దూబగుంట స్త్రీలు ఆ పాఠం చదివి అక్కడే ఆగలేదు, తమ ఊరి దుకాణం దగ్గరకు నడిచారు. వర్థినేని రోశమ్మ పేరు అప్పుడే మనకు తెలిసింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధమయింది. ఆ వాచకాన్ని అచ్చు వేయించినది ప్రభుత్వమే, సారా వేలంపాటల సొమ్ము తిన్నదీ ప్రభుత్వమే. క్యూబా వాచకం ఏలినవారి మాటను చదివించింది. నెల్లూరు వాచకం ఏలినవారికి ఎదురు తిరిగింది. రెండింటిలో ఏది మంచి వాచకమో నేను చెప్పనక్కరలేదు.

ఇక నా ఉత్తరాల సంగతి. మా శిబిరంలో మూడవ రోజు సాయంకాలం ఒక ముసలమ్మ ఇన్‌లాండ్ కవరు పట్టుకొని బడి అరుగు దగ్గరకు వచ్చింది. "నాయనా, నాలుగు ముక్కలు రాసిపెడతావా?" కొడుకు హైదరాబాదులో తాపీపని చేస్తాడు. గేదె ఈనింది, కోడలికి ఒంట్లో నెమ్మదించింది, ఉగాదికన్నా రమ్మను, ఇంతే ఆమె చెప్పింది. నేను దాన్ని చక్కని భాషలో పుటన్నర చేశాను. చదివి వినిపిస్తే మురిసిపోయింది. మరునాటి నుండి అరుగు మీద వరస కట్టారు. శిబిరం ముగిసేసరికి ఇరవైకి పైగా రాశాను. మా అధ్యాపకుడు మెచ్చుకొన్నాడు, నివేదికలో కూడా ఆ ముక్క ఉంది. పది సాయంకాలాల్లో ఎవరికైనా కనీసం సంతకం నేర్పుదామన్న ఆలోచన నాకు గాని, తెలుగు సాహిత్యం తెగ చదివే నా మిత్రులకు గాని కలగలేదు. రాసిపెట్టడంలో ఉన్న సుఖం అటువంటిది.

లారీ ఎక్కే ముందు ఆమె వచ్చింది. "మళ్ళీ ఎప్పుడొస్తారు నాయనా?" అని అడిగింది. వచ్చే ఏడు తప్పక వస్తామన్నాను. అభిమానం కొద్దీ అడుగుతోందనుకొన్నాను. ఆమె చేతిలో అప్పుడే పోస్టులో వచ్చిన ఒక కార్డు ఉంది. కొడుకు జవాబు. లారీ హారన్ కొడుతుంటే తొందరలో దాన్ని చదివి వినిపించి ఎక్కాను. ఆ తరువాత వచ్చిన కార్డు ఎవరు చదివిపెట్టారో.